గవర్నర్‌పేటలో కొన్న రెండు దశాంశాల త్రాసు: ఆరు నెలల వాడకం తరువాత

ఈ త్రాసు తెర మీద దశాంశ బిందువు తరువాత రెండు అంకెలు కనిపిస్తాయి. వాటిలో మొదటి అంకెను నిస్సంకోచంగా నమ్మవచ్చు. రెండవ అంకెను, త్రాసును సరిగా సవరించి (అంటే బరువు తెలిసిన రాయితో సరిచేసి) గాలి తగలకుండా చూసుకున్నప్పుడు, ఒకటి అటూ ఇటూగా నమ్మవచ్చు. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి ముందుగదిలో ఆరు నెలలుగా ఇంటర్మీడియట్ విద్యార్థుల చేత రసాయనశాస్త్ర ప్రయోగాలు చేయిస్తూ నేను చేరుకున్న నిర్ణయం ఇది. కొనదలచిన వారికి మొదట తెలియవలసింది ఇదే కనుక ముందుగానే చెప్పాను. దుకాణం గురించి, త్రాసు లోపాల గురించి తరువాత చెబుతాను.

ఇంతకు ముందు నా దగ్గర అరచేతిలో ఇమిడిపోయే చిన్న త్రాసు ఒకటి ఉండేది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అది మూడు దశాంశాలు చూపేది కనుక రెండు దశాంశాల త్రాసుల కంటే మేలైనదనే నమ్మకంతోనే కొన్నాను. ఒకనాడు 5 గ్రాముల తూనిక రాయిని దాని మీద మూడుసార్లు పెట్టి తీస్తే 4.986, 5.011, 4.997 అని మూడు వేర్వేరు సంఖ్యలు వచ్చాయి. మూడింటి మధ్య 0.025 గ్రాముల తేడా ఉన్నదంటే ఆ త్రాసులో రెండవ దశాంశమే సందేహాస్పదమని, మూడవ దశాంశానికి అర్థమే లేదని తేలిపోతుంది. అప్పటికే పిల్లలు రెండు నెలల పాటు ఆ నాలుగు అంకెలనూ తమ రికార్డు పుస్తకాలలో రాసుకున్నారు. సార్థక అంకెలంటే నిశ్చయంగా తెలిసిన అంకెలు, వాటి వెనుక సందేహం మిగిలి ఉన్న ఒకే ఒక్క అంకె. అంతకు మించి రాసిన ప్రతి అంకె, మనం కొలవని దానిని కొలిచామని చెప్పడమే అవుతుంది. పాఠంలో ఈ మాట చెబుతూ, ప్రయోగంలో దానికి విరుద్ధమైన పరికరాన్ని పిల్లల చేతికి ఇచ్చానన్న బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది. అమ్మినవారికి ఉత్తరం రాస్తే, తెర మీద మూడు దశాంశాలు కనిపిస్తున్నాయి కనుక వస్తువులో లోపమేమీ లేదని జవాబు వచ్చింది.

అందువల్ల ఈసారి ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణానికే స్వయంగా వెళ్లాలనుకుని, ఒక శనివారం విజయవాడ వెళ్లాను. దుకాణం గవర్నర్‌పేటలో ఒక సందులో ఉంది. ముందుభాగం ఇరుకుగా ఉన్నా లోపల గాజుసామాను వరుసలు పొందికగా సర్ది ఉన్నాయి. యజమాని నన్ను కూర్చోబెట్టి, ఎంత బరువు తూస్తారని గానీ ఎంతలో కావాలని గానీ అడగలేదు. "మాస్టారూ, మీరు తూచే వాటిలో అన్నిటికంటే తక్కువ బరువు ఎంత ఉంటుందండీ?" అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన నన్ను త్రాసు కొనేచోట ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. త్రాసును ఎంచుకునేటప్పుడు అసలు చూడవలసింది అదే. పై పరిమితి ఎంతైనా ఉండవచ్చు, తూచే వస్తువు చిన్నదైనకొద్దీ చివరి అంకెలోని సందేహం మొత్తం కొలతలో పెద్ద భాగమవుతుంది. 0.01 గ్రాము సందేహం 100 గ్రాములలో పదివేలలో ఒక వంతు మాత్రమే. అదే సందేహం 0.50 గ్రాములలో వందకు రెండు వంతులు.

నేను తీసుకున్నది 600 గ్రాముల వరకు తూచే త్రాసు. దాని వెనుక అతికించిన రేకు మీద రెండు విలువలు చెక్కి ఉన్నాయి: 'డి' అనే అక్షరం పక్కన 0.01 గ్రాము, 'ఇ' అనే అక్షరం పక్కన 0.1 గ్రాము. కొనేవారిలో చాలామంది ఈ రేకును చదవరు. 'డి' అనేది తెర చూపగలిగే కనీసపు కొలత. 'ఇ' అనేది తనిఖీకి ఆధారమైన విలువ, అంటే తూనికలు కొలతల శాఖ వారు త్రాసును పరీక్షించి ముద్ర వేసేటప్పుడు అనుమతించదగిన తప్పును లెక్కించే కొలమానం. ఈ తరగతి త్రాసుకు 500 గ్రాముల వరకు తొలి తనిఖీలో 'ఇ'లో సగం, అంటే 0.05 గ్రాము వరకు అటూ ఇటూ తప్పును నిబంధనలు అనుమతిస్తాయి. తెర మాత్రం 0.01 గ్రాము వరకు చూపుతుంది. చూపించే అంకెకూ హామీ ఉన్న అంకెకూ నడుమ ఉన్న ఈ దూరాన్ని తయారీదారు రేకు మీద నిజాయితీగానే చెక్కించాడు. డబ్బా మీద మాత్రం 'యథార్థత 0.01 గ్రాము' అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాడు. అది యథార్థత కాదు, కనీసపు కొలత మాత్రమే. నిజమైన విలువకు ఎంత దగ్గరగా ఉన్నామన్నది యథార్థత, ఒకే వస్తువును మళ్లీ మళ్లీ తూచినప్పుడు వచ్చే విలువలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది ఖచ్చితత్వం, తెర ఎంత సన్నని తేడాను చూపగలదన్నది మూడవ సంగతి. ఈ మూడింటినీ ఒకే మాటగా కలిపివేసిన డబ్బాను చదివి పెరిగే పిల్లవాడు పరీక్షలో వాటి మధ్య భేదం రాయలేకపోతే తప్పు వాడిది కాదు.

ఇంటికి తెచ్చి, అరగంట సేపు విద్యుత్తు ఇచ్చి ఉంచి, దానితోపాటే ఇచ్చిన 500 గ్రాముల తూనిక రాయిని పెట్టాను. తెర మీద 499.58 వచ్చింది. త్రాసు చెడిపోయిందని ముందు కంగారుపడ్డాను గానీ, డబ్బా మీద తయారైన చోటు హర్యానాలోని అంబాలా అని చూశాక సంగతి అర్థమైంది. ఈ రకం త్రాసు ద్రవ్యరాశిని నేరుగా కొలవదు. పళ్లెం కింద ఉన్న లోహపు కడ్డీ ఎంత వంగిందో చూసి, భూమి ఆ వస్తువును లాగే బలాన్ని కొలుస్తుంది, ఆ బలాన్ని గ్రాములుగా మార్చి చూపుతుంది. భూమధ్యరేఖ వైపు వస్తున్నకొద్దీ గురుత్వం కొద్దికొద్దిగా తగ్గుతుంది. అంబాలా దాదాపు ముప్పై డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే గుంటూరు పదహారు డిగ్రీలు దాటిన చోట ఉంది. అక్షాంశాలతో పాటు ఊళ్ల ఎత్తులను కూడా చూసుకుని లెక్క కడితే ఈ రెండు ఊళ్ల మధ్య గురుత్వంలోని తేడా పదివేలలో దాదాపు ఎనిమిదిన్నర వంతులు వస్తుంది. 500 గ్రాముల మీద అది 0.42 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నాకు కనిపించిన తేడా కూడా దాదాపు అంతే. అక్కడ సవరించిన త్రాసును ఇక్కడ మళ్లీ సవరించకుండా వాడితే, చివరి అంకెనే కాదు, మొదటి దశాంశాన్ని కూడా నమ్మడానికి వీలుండదు. సవరణ బొత్తాన్ని నొక్కి పట్టుకుని, అదే 500 గ్రాముల రాయిని పెట్టి, తెర నిలకడ పడేదాకా ఆగితే పని పూర్తవుతుంది. ఒక్క నిమిషం కూడా పట్టని ఈ పని గురించి తయారీదారు ఇచ్చిన కరపత్రంలో ఒకే ఒక వాక్యం ఉంది, ఎందుకు చేయాలో అసలు లేదు. దుకాణం యజమాని మాత్రం బిల్లు వెనుక పెన్సిలుతో "ఇంటికి వెళ్లగానే సవరించుకోండి" అని రాసి ఇచ్చారు.

తూనిక రాళ్లను, వాటిలో అనుమతించే తప్పును బట్టి, తరగతులుగా విభజిస్తారు. ఆ 500 గ్రాముల రాయి ఎమ్1 తరగతిది. ఆ తరగతిలో 500 గ్రాముల రాయికి 25 మిల్లీగ్రాముల వరకు తప్పును అనుమతిస్తారు, అంటే అది త్రాసు కనీసపు కొలత కంటే రెండున్నర రెట్లు. ఈ సంగతి విని కొందరు ఆ రాయి పనికిరాదని అనుకోవచ్చు గానీ అలా కాదు. సవరణలో వచ్చే తప్పు బరువుతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. 500 గ్రాముల దగ్గర 0.025 గ్రాము ఉన్న తప్పు 20 గ్రాముల దగ్గర 0.001 గ్రాము మాత్రమే అవుతుంది కనుక అది తెర మీద కనిపించదు. తెలిసిన అధ్యాపకుడి దగ్గర అరువు తెచ్చుకున్న, ఇంకా మేలైన ఎఫ్2 తరగతి 200 గ్రాముల రాయిని పెడితే 200.01 వచ్చింది. ఆ రాయిలో అనుమతించిన తప్పు 3 మిల్లీగ్రాములే. ఎమ్1 రాయితో సవరించినందువల్ల 200 గ్రాముల దగ్గర ఎదురుచూడదగిన తేడా కూడా 0.01 గ్రాము వరకు ఉంటుంది కాబట్టి నాకు తృప్తి కలిగింది. చిన్న బరువులు తూచేవారికి వెంట ఇచ్చిన రాయి చాలు.

ఖచ్చితత్వాన్ని పిల్లల చేతనే పరీక్ష చేయించాను. 20 గ్రాముల రాయిని పదిసార్లు పెట్టి తీస్తే ఏడుసార్లు 20.00, రెండుసార్లు 20.01, ఒకసారి 19.99 వచ్చింది. రాయిని పళ్లెం మధ్యలో కాక అంచున పెడితే 0.02 వరకు మారింది. పంకా తిరుగుతూ ఉంటే చివరి అంకె అసలు నిలవదు. మా ఊరి ఎండలలో పంకా ఆపి పదిమంది పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. చివరికి అట్టపెట్టెకు ఒకవైపు తెరిచి, దానిని త్రాసు మీద గూడులా బోర్లించాను. అది చక్కగా పనిచేస్తోంది. ఈ ధరలో గాలిని ఆపే అద్దాలు ఆశించలేము గానీ, ఒక ప్లాస్టిక్ మూతైనా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక నేను నిజంగా తప్పు పట్టే విషయం ఒకటుంది. పళ్లెం మీద గిన్నె బరువును సున్నా చేసే బొత్తాం పక్కనే, వేలెడు దూరం కూడా లేకుండా, ప్రమాణాన్ని మార్చే బొత్తాం ఉంది. దానిని ఒకసారి నొక్కితే గ్రాములు పోయి క్యారట్లు వస్తాయి, మరోసారి నొక్కితే ఔన్సులు, ఆ పైన తులాలు వస్తాయి. ఏ ప్రమాణంలో చూపుతున్నదో తెలిపే అక్షరం తెర మూలన ఆవగింజంత ఉంటుంది. మా విద్యార్థిని ఒకమ్మాయి ఆక్జాలిక్ ఆమ్లం తూచి 31.50 అని రాసుకుంది. అంత తెల్లని పొడి కుప్పగా ఉండాలి కదా, చెంచాడే ఉందేమిటని నాకు అనుమానం వచ్చింది. చూస్తే తెర క్యారట్లలో ఉంది. క్యారట్ అంటే సరిగ్గా 0.2 గ్రాము, కనుక ఆమె తూచింది 6.30 గ్రాములు. "సార్, నేను అంకెలన్నీ సరిగ్గానే రాశాను కదా!" అని ఆ పిల్ల దాదాపు ఏడ్చినంత పని చేసింది. అంకెలు సరైనవే, ప్రమాణం లేని అంకెలు కొలత కావు. ఆ రోజు నుంచి మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాము: ముందు ప్రమాణం రాసి, తరువాతే సంఖ్య రాయాలి. తులాల సంగతి మరీ చిక్కు. ఈ త్రాసులో తులం అంటే పాత లెక్క ప్రకారం 11.66 గ్రాములు, మన బంగారం కొట్లలో వాడుకలో ఉన్న తులం 10 గ్రాములు. ఇంట్లో నగలు తూచుకునే ఉద్దేశంతో కొనేవారు ఈ బొత్తాం జోలికి పోకుండా గ్రాములలోనే తూచుకోవడం మంచిది.

ప్రమాణాల ప్రసంగం వచ్చింది కనుక పిల్లలతో జరిగిన ఒక మంచి సంభాషణ ఇక్కడ చెప్పాలి. త్రాసును సవరించడానికి ఒక రాయి కావాలి, ఆ రాయిని సరిచూడడానికి మరో మేలైన రాయి కావాలి, ఈ వరుస ఎక్కడ ఆగుతుందని ఒక కుర్రవాడు అడిగాడు. 1889 నుంచి అది పారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం, ఇరిడియం లోహాల దిమ్మ దగ్గర ఆగేదని, 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో మారని ఒక సంఖ్య విలువ దగ్గర ఆగుతున్నదని చెప్పాను. అదే రోజు నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు. వెంటనే మరో పిల్లవాడు ఆ సంఖ్యలో సార్థక అంకెలు తొమ్మిదేనా అన్నాడు. కాదు. అది ఇప్పుడు కొలిచిన సంఖ్య కాదు, నిర్వచించిన సంఖ్య. డజను అంటే పన్నెండు అన్నప్పుడు పన్నెండుకు ఎంత సందేహం ఉంటుందో దీనికీ అంతే. లెక్కలో అది ఎన్నడూ సార్థక అంకెలను తగ్గించదు.

ఈ త్రాసు దేనికి పనికివస్తుంది, దేనికి పనికిరాదు అన్నది ఒక్క ప్రయోగంతో స్పష్టమవుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఆక్జాలిక్ ఆమ్లం ప్రమాణ ద్రావణాన్ని, అంటే గాఢత ముందే తెలిసిన ద్రావణాన్ని, 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) గాఢతతో తయారుచేసి, దానితో సోడియం హైడ్రాక్సైడ్ గాఢతను కనుక్కోవడం పిల్లలందరూ చేసే పనే. స్ఫటిక జలంతో కూడిన ఆక్జాలిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి మోల్‌కు 126.07 గ్రాములు. 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో 0.05 మోలార్ ద్రావణం కావాలంటే 0.63 గ్రాము తూచాలి. ఈ త్రాసు మీద 0.63 అంటే రెండే సార్థక అంకెలు. మొదట ఉన్న సున్నా చుక్క ఎక్కడుందో చెప్పడానికే తప్ప లెక్కలోకి రాదు. 0.01 గ్రాము సందేహం ఇక్కడ వందకు ఒకటిన్నరకు పైగా ఉంటుంది. ఆ తరువాత పిల్లలు బ్యూరెట్‌ను (ద్రవం ఎంత ఖర్చయిందో చూపే గీతల గాజు గొట్టాన్ని) ఎంత శ్రద్ధగా చదివి 24.65 మి.లీ. అని నాలుగు సార్థక అంకెలతో రాసినా, పిపెట్‌తో, అంటే నిర్ణీత పరిమాణం ద్రవాన్ని తీసే గాజు గొట్టంతో, 25.00 మి.లీ. ఎంత నేర్పుగా తీసినా, చివరి జవాబును 0.10 మోలార్ అని మాత్రమే రాయగలరు. గొలుసులో బలహీనమైన లంకె త్రాసు దగ్గరే ఉంది.

దీనికి మిల్లీగ్రాము త్రాసు కొనడం ఒక్కటే దారి కాదు. ఒక లీటరు ఫ్లాస్కు తీసుకుని 6.30 గ్రాములు తూచితే అదే త్రాసు మూడు సార్థక అంకెలు ఇస్తుంది. ఇక్కడ చివరి సున్నా అలంకారం కాదు, అది కొలిచిన అంకె. దానిని వదిలి 6.3 అని రాసిన పిల్లవాడు తాను సాధించినదానిని తానే పారేసుకున్నట్లు. 6.30ని 126.07తో భాగిస్తే 0.0500 మోలార్ వస్తుంది. ఆ ద్రావణం 25.00 మి.లీ.కి 24.65 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ ఖర్చయితే, ఒక ఆమ్ల అణువుకు రెండు క్షారపు అణువులు కనుక, క్యాలిక్యులేటర్ 0.101తో మొదలుపెట్టి తెర నిండేవరకు అంకెలు చూపుతుంది. అక్కడ మనం రాయవలసింది 0.101 మోలార్. గుణకారంలో వచ్చిన రెండు అనే సంఖ్య సమీకరణం నుంచి వచ్చినది, కొలిచినది కాదు కనుక దానిని లెక్కలోకి తీసుకోము. మధ్యలో వచ్చే విలువలను కత్తిరించకుండా చివరి జవాబునే సార్థక అంకెలకు కుదించుకోమని కూడా చెబుతాను. ఒక లీటరు ద్రావణం మా పదిమంది పిల్లలకు ఒక పూటకు సరిపోతుంది కాబట్టి వృథా కూడా ఏమీ లేదు.

క్షారం విషయంలో ఈ త్రాసు మరో పాఠాన్ని కళ్లకు కట్టింది. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలను పళ్లెం మీద ఉంచి చూస్తూ ఉంటే, వాన వెలిసిన రోజున, చివరి అంకె నెమ్మదిగా పెరుగుతూ పోయింది. గాలిలోని తేమను అది పీల్చుకోవడం పిల్లలు తెర మీదే చూశారు. దానితో ప్రమాణ ద్రావణం నేరుగా ఎందుకు తయారుచేయకూడదో ఆ రోజు నేను వేరే చెప్పవలసిన పని పడలేదు.

అదే దుకాణంలో 'ఎ' తరగతి ముద్ర ఉన్న 25 మి.లీ. పిపెట్ కూడా కొన్నాను. దానికి అనుమతించిన తప్పు 0.03 మి.లీ. మాత్రమే. త్రాసూ పిపెట్టూ ఒకదానినొకటి ఎలా సరిచూస్తాయో చూద్దామని, 30 డిగ్రీల నీటిని ఐదుసార్లు తీసి మూత ఉన్న సీసాలోకి వదిలి తూచాము: 24.87, 24.85, 24.86, 24.88, 24.86. ఇరవై అయిదు రాకపోవడం చూసి పిల్లలు పిపెట్ తప్పన్నారు. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత మి.లీ.కు 0.9957 గ్రాములు కనుక 25.00 మి.లీ. నీరు 24.89 గ్రాములే ఉంటుంది. నీటిని గాలి కొంత పైకి నెట్టడం వల్ల మరో 0.03 గ్రాము దాకా తగ్గి కనిపిస్తుంది. ఆ రెండింటినీ సరిచేస్తే సగటు 25.00 మి.లీ. వచ్చింది. ఇదే పరీక్ష మా పాత కొలజాడీతో చేస్తే విలువలు ఒక మి.లీ.లో సగం మేర చెదిరిపోయాయి. కొలజాడీతో తీసిన నీటిని 25 మి.లీ. అనే రాయాలి, 25.00 అని రాయకూడదన్నది అప్పటినుంచి మావాళ్లు మరచిపోలేదు.

మిగతా విషయాలు క్లుప్తంగా. అడాప్టర్ తీగ పొట్టిగా ఉంది. లోపలి బ్యాటరీ పూర్తిగా నిండితే కరెంటు పోయినా ఒక పూట నడుస్తుంది. సమతలాన్ని చూసే గాలిబుడగ వెనుక వైపు ఉండడంతో త్రాసును గోడకు ఆనించి పెట్టుకోలేము. పళ్లెం తుప్పు పట్టలేదు. కొన్న నెలకు ఒక కాలి మర ఊడిపోతే, ఫోనులో చెప్పగానే దుకాణం వారు గుంటూరు వచ్చే మనిషి చేత కొత్తది పంపించారు, డబ్బు తీసుకోలేదు. త్రాసు, పిపెట్ కలిపి నాకు చెప్పిన ధర ఆన్‌లైన్ ధర కంటే కొంచెం ఎక్కువే. ఆ యజమాని అడిగిన మొదటి ప్రశ్నకు ఆ కొంచెం తేడా ఇవ్వడం నాకు కష్టమనిపించలేదు.

ఇంట్లో ప్రయోగాలు చేయించే ఉపాధ్యాయులకు, చిన్న పాఠశాలల ప్రయోగశాలలకు, ఐదు గ్రాములకు పైన తూచే పనులున్న ఎవరికైనా ఈ త్రాసును సిఫారసు చేస్తున్నాను. అర గ్రాము, పావు గ్రాము తూచవలసిన వారు, 100 మి.లీ. ఫ్లాస్కులోనే ప్రమాణ ద్రావణం చేయక తప్పని వారు దీనిని తీసుకోవద్దు. నేను కొనేటప్పుడు దుకాణం యజమాని నాకూ అదే చెప్పి, మిల్లీగ్రాము త్రాసు ధర చూపించి, అంత పెట్టలేకపోతే లీటరు ఫ్లాస్కు తీసుకెళ్లమన్నారు. ఫ్లాస్కు ఆ రోజు తీసుకోలేదు. క్యారట్ల గొడవ జరిగిన వారానికి మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను. అప్పుడే, డబ్బా మీద 'యథార్థత' అన్నచోట 'కనీసపు కొలత' అని ఉండాలని ఆయనకు చెప్పాను. తయారీదారుకు చెబుతానన్నారు, ఈలోగా తన దగ్గర మిగిలిన డబ్బాల మీద నా ఎదుటే చీటీలు రాసి అతికించడం మొదలుపెట్టారు.